ఇచ్చే బొంత, చూపించే బొంత

నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లిలో మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు పది మంది కలిసి బొంతలు కుట్టి, ఉగాది సంబరాల్లో హాల్లో ప్రదర్శనకు పెట్టి, తర్వాత ఒక వృద్ధాశ్రమానికీ ఒక శిశుగృహానికీ ఇద్దామనుకుంటున్నామని రాశారు. ఇళ్లలో పాత పట్టుచీరలు, నూలు చీరలు చాలా ఉన్నాయట. వాటితో కుట్టవచ్చా, మిషను మీద కుట్టాలా చేత్తోనా, గుడ్డ ఎంత పడుతుంది అని అడిగారు. నేను బొమ్మనహళ్లి వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో రిటైరయ్యే దాకా పనిచేశాను. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లతో కలిసి బొంతలే కుడుతున్నాను. తప్పులు వెతకడమే ఉద్యోగంగా బతికినదాన్ని కనుక అక్కడక్కడ కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందుగా ఒక్క సంగతి తేల్చుకోండి. మీ చేయి దాటాక ఆ బొంతను ఉతికేది ఎవరు, ఎలా ఉతుకుతారు? గుడ్డ, పొరలు, దారం, కొలత అన్నీ దీని మీదే ఆధారపడతాయి. వృద్ధాశ్రమంలో పక్క తడుపుకునే పెద్దవాళ్లుంటారు. అక్కడ ఒక్కో బొంత వారంలో రెండు మూడుసార్లు నీళ్లలో పడుతుంది. ఉతికేది అసలే పని ఎక్కువై అలసిపోయిన ఆయా. దూది దట్టంగా కూరిన బొంత పొడిగా ఉన్నప్పుడే రెండు కిలోలు తూగుతుంది, తడిస్తే ఆవిడ బకెట్లోంచి ఎత్తలేదు. ఎత్తలేని బొంతను ఒకసారి ఉతికాక బీరువా పైకి ఎక్కిస్తారు, ఇక అది కిందికి దిగదు. ఆసుపత్రి అయితే పరిస్థితి ఇంకా తీవ్రం. 70 డిగ్రీలు దాటిన వేడినీళ్లు, క్లోరిన్, ఆపైన యంత్రంలో ఆరబెట్టడం. వీటికి తట్టుకోని అందం అక్కడ దండగ. అందుకే కత్తెర పట్టుకునే ముందు ఆ రెండు చోట్లకూ ఫోను చేయండి. యజమానితో కాదు, పక్కలు మార్చే మనిషితో మాట్లాడండి. ఎన్ని కావాలి, మంచం వెడల్పు ఎంత, వాషింగ్ మెషిను ఉందా లేదా అని అడగండి. అసలు బొంతలు అక్కర్లేదని, దిండు గలీబులు కావాలని చెప్పినా చెప్పవచ్చు. అప్పుడు అవే కుట్టండి.

ఇప్పుడు పట్టుచీరల సంగతి. దానమిచ్చే బొంతలో పట్టు వద్దు, జరీ అసలే వద్దు. పాత పట్టు మడతల వెంట తనంతట తానే చిట్లుతుంది. చీర విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మడత గీతల్లో సన్నటి చీలికలు కనిపిస్తాయి. జరీ ముసలివాళ్ల పలుచటి చర్మాన్ని గీరుతుంది, పసిపిల్లల బుగ్గలను కూడా. అలాగని ఆ చీరలను పారేయమనడం లేదు. వాటన్నిటినీ కలిపి ఒకే ఒక్క గోడ బొంత కుట్టండి. అది ఎవరికీ ఇవ్వకండి, మీ క్లబ్ హౌసులోనే ఉంచుకోండి. ప్రతి ఇంటి నుంచీ ఒక ముక్క, ఎవరి పెళ్లి చీర ఎక్కడుందో వాళ్లకు తెలిసేలా కుట్టవచ్చు. ప్రదర్శన సరదా అంతా దాని మీద తీర్చుకోండి: అద్దాలు, పూసలు, ఎంబ్రాయిడరీ, ఏదైనా సరే. దాన్ని ఉతికే పనే లేదు. మిగతా బొంతలు మాత్రం నీళ్లకు పుట్టినవై ఉండాలి.

నూలు చీరల్లో కూడా అన్నీ పనికిరావు. రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను గట్టిగా లాగండి, చిరుగుతున్న చప్పుడు వినిపిస్తే పక్కన పెట్టేయండి. నూలని చెప్పి అమ్మినవాటిలో పాలిస్టర్ కలిసినవి బోలెడు. అనుమానం ఉంటే అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, బాల్కనీలో అగ్గిపుల్లతో అంటించండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిపి కుడితే రెండు ఉతుకుల్లోనే ఒకటి కుదించుకుపోతుంది, ఒకటి అలాగే ఉంటుంది, మధ్య కుట్టు ముడతలు పడుతుంది. హోజరీ ముక్కలు కూడా కలపకండి. టీషర్టు గుడ్డ సాగుతుంది, నేత గుడ్డ సాగదు.

రంగు దిగే విషయంలో మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది, ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని. ఇప్పటి అద్దకాల మీద ఆ ఉప్పు ఏమీ చేయదు. రంగు వేసే దశలో ఉప్పుకు పని ఉంటుంది కానీ, అద్దకం అయిపోయిన గుడ్డను ఇంట్లో ఉప్పులో ముంచితే ప్రయోజనం లేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతుకుతూ పోవడం ఒక్కటే మార్గం. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, మరక పడితే ఇంకా ఉతకాలి. ముదురు ఎరుపు, నీలం, అచ్చు అద్దకాల కలంకారీ ఈ మూడింటినీ నేను నాలుగు ఉతుకులైనా పడితే గానీ నమ్మను. కొత్త గుడ్డను కూడా ఉతకకుండా కత్తిరించకండి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు కుదించుకుపోతుంది. సువాసన వచ్చే ద్రవాలు మాత్రం వేయకండి, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లకు అవి పడవు.

గుడ్డ లెక్క. ఒంటి మంచానికి 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు అనుకుందాం. పుస్తకాల్లో కుట్టుకు పావు అంగుళం వదలమంటారు. పాత చీర పోగులు జారిపోతాయి కనుక నేను అర అంగుళం వదులుతాను. 7 అంగుళాల చదరం కత్తిరిస్తే కుట్టాక 6 మిగులుతుంది. వెడల్పులో పది, పొడవులో పదిహేను, మొత్తం 150 ముక్కలు. 44 అంగుళాల పన్నా గుడ్డలో ఒక వరుసకు ఆరు ముక్కలు వస్తాయి. అంటే 25 వరుసలు, 175 అంగుళాలు, దాదాపు నాలుగున్నర మీటర్లు. కుదించుకుపోయేది కలుపుకుని ఐదు మీటర్లు తీసుకోండి. అంచు పట్టీకి మరో ముప్పావు మీటరు. చిక్కపేటలో కట్ పీసులు తూకానికి ఇచ్చే దుకాణాలున్నాయి. దారాలు, లేసులకు అవెన్యూ రోడ్డులోని రాజా మార్కెట్ చాలు.

అడుగు పొర, మధ్య పొర కొనాల్సిన పనే లేదు, చీరలతోనే తీర్చవచ్చు. ఐదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాలు, పన్నా సుమారు 46. రెండు చీరలను పొడవు వెంట పక్కపక్కన చేర్చి కుట్టండి, వెడల్పు 92కి దగ్గరవుతుంది. పొడవును మూడు సమభాగాలు చేయండి, ఒక్కొక్కటి 72. చూశారా, రెండు చీరల్లో మూడు పొరలు తయారు, అదీ వెడల్పులో కత్తిరించుకునేందుకు జాగా మిగిలేలా. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూడు పొరల్లోనూ అతుకు సరిగ్గా మధ్యలోకి వస్తే అక్కడ గట్టులా లేస్తుంది, మంచం పట్టిన మనిషికి అదే ఒరుసుకుంటుంది. అందుకని ఒక పొరలో అతుకు విప్పి, ఒక ముక్కను నిలువునా రెండుగా చీల్చి, రెండో ముక్కకు అటొకటి ఇటొకటి కలపండి. అతుకులు పక్కలకు జరుగుతాయి, ఆ పొరను మధ్యలో పెట్టండి. ఈ మూడు పొరలూ కలిపి కిలో అటూ ఇటూగా ఉంటాయి. పైన ముక్కల పొర వేసినా కిలోన్నరకు మించదు. బెంగళూరు చలికి అంతకన్నా అక్కర్లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ పదిహేను డిగ్రీల దగ్గర ఉంటుంది, అంతే. వాడింగే (మధ్యలో పెట్టే మెత్తటి పరుపు పొర) కావాలంటే 150 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 150 గ్రాముల, పాలిస్టర్ వాడింగ్ చాలు, 60×90కి అరకిలో తూగుతుంది, చేత్తో పిండితే నీళ్లు త్వరగా వదులుతుంది. విడి దూది కూరడం వద్దు. మూడు ఉతుకులకే ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది.

మిషనా, చెయ్యా? ముక్కలు కలపడం మిషను మీద, పొరలు కలపడం చేత్తో అని నా అభిప్రాయం. పది మందికి చోటు దొరికేది రెండో పనిలోనే. ఒక్కో బొంత చుట్టూ ఆరుగురు కూర్చుని కుట్టవచ్చు, మిషను ముందు ఒక్కరే కూర్చోగలరు. ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యల్లాపుర, ముండగోడు చుట్టుపక్కల సిద్దీ ఆడవాళ్లు కుట్టే బొంతలు దొరికితే తప్పకుండా చూడండి. వాళ్లు ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ, ముక్కల అంచులు లోపలికి మడుస్తూ, చిన్న చిన్న రన్నింగ్ కుట్లతో మధ్యకు చేరుకుంటారు. ముక్కలు కలపడం, పొరలు కలపడం రెండూ ఒకే సూదితో ఒకేసారి అయిపోతాయి. నాలుగు మూలలా త్రికోణాల్లా మడిచిన చిన్న గుడ్డ పూలు పెడతారు, అవి లేని బొంత వాళ్ల దృష్టిలో పూర్తయినట్టే కాదు. వాడింగ్ పెట్టి మిషను మీద కుట్టేటప్పుడు మాత్రం దీనికి తలకిందులుగా వెళ్లాలి: మధ్య నుంచి అంచుకు. లేకపోతే గుడ్డ అంతా మధ్యకు పేరుకుని పొంగుతుంది.

పొరలు కదలకుండా పట్టే కుట్టు వరుసల మధ్య మూడు నాలుగు అంగుళాలకు మించి ఖాళీ వదలకండి. కుట్లు సన్నగా ఉండాలని కొత్తవాళ్ల మీద ఒత్తిడి పెట్టవద్దు. అంగుళానికి ఐదారు పడితే చాలు. మిషనుకు 16 నంబరు సూది వేయండి. ముక్కల అతుకులను ఇస్త్రీ చేసేటప్పుడు రెండువైపులా తెరిచి పరచకుండా ఒకే పక్కకు వాల్చండి, కుట్టు మీద లాగుడు తగ్గుతుంది. బొంత ముందుగా చిరిగేది మధ్యలో కాదు, అంచులో. అందుకే అంచు పట్టీని రెండున్నర అంగుళాల వెడల్పుతో కత్తిరించి, నిలువునా మడిచి రెండు మడతలుగా కుట్టమంటాను. రెడీమేడ్ పైపింగ్ వద్దు.

ఇక సూదుల గురించి. దీని మీద నేను వాదన వినను. మా ఫ్యాక్టరీలో సూది విరిగితే మిషను ఆగిపోయేది. విరిగిన ముక్కలన్నీ వెతికి, సూది పూర్తి ఆకారం వచ్చేలా రిజిస్టరులో టేపుతో అంటించి సంతకం పెట్టాలి. మొన ఒక్కటి దొరక్కపోయినా ఆ దగ్గరలో ఉన్న బట్టలన్నీ పక్కకు తీసేసేవాళ్లం. పిల్లల బట్టలైతే లోహం కనిపెట్టే యంత్రంలోంచి వెళ్లాకే పెట్టెలోకి. మీకు ఆ యంత్రం లేదు, కానీ పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం చాలు. బొంతను గట్టి నేల మీద పరిచి, అయస్కాంతాన్ని అరచేతి కింద పెట్టుకుని, గుడ్డకు ఆనించి నెమ్మదిగా వరుసల వెంట లాగండి. పొరల లోపల సూది మొన ఉంటే అది పైకి రాదు. చేతి కింద చిన్న తడబాటులా, గుడ్డ ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు తెలుస్తుంది. అక్కడ ఆగి, అటూ ఇటూ కదిపితే గుడ్డ కూడా వెంట కదులుతుంది. కుట్టు విప్పి తీయండి, కళ్లద్దాలు పెట్టుకుని తీయండి. ఒకవైపు అయ్యాక తిప్పి రెండో వైపు. అయస్కాంతం ఇత్తడిని పట్టదు, అందుకని ఇత్తడి పిన్నీసులు ఇంట్లో ఎన్ని ఉన్నా ఈ పనికి తేకండి. పొరలు పట్టి ఉంచడానికి గుండుసూదుల బదులు ఇనుప పిన్నీసులు వాడండి. ఒక డబ్బాలో వంద పెట్టుకుని, సాయంత్రం లెక్కపెట్టాకే ఇంటికి వెళ్లండి. తొంభై తొమ్మిదైతే ఎవరూ కదలకూడదు.

శిశుగృహానికి ఇచ్చేవాటి గురించి వేరుగా చెప్పాలి. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు వాళ్ల మీద గానీ పక్కన గానీ వదులుగా ఉండే బొంత, దుప్పటి పెట్టకూడదని పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారు. ముఖానికి అడ్డుపడితే తీసుకునే శక్తి వాళ్లకు ఉండదు. కాబట్టి కప్పే బొంతలు వద్దు, నేల మీద పరిచే ఆట బొంతలు కుట్టండి: 40 అంగుళాల చదరం, పల్చగా, రంగులు ధారాళంగా. బొత్తాలు, పూసలు, వేలాడే దారాలు, కుచ్చులు ఏవీ వద్దు. వెనకవైపు ఒక ముదురు రంగు గుడ్డ ఉంటే ఏ వైపు నేల మీద వేశారో ఆయాలకు తెలుస్తుంది.

ఉగాది ముహూర్తం మీద నాకు ఒప్పుదల లేదు. మార్చి, ఏప్రిల్‌లో బొంతలు ఇస్తే వాళ్లు వేసవి అంతా వాటిని దాచాలి, దాచే చోటు వాళ్లకు ఉండదు. నవంబరులో అపార్ట్‌మెంట్లన్నీ కర్ణాటక అవతరణ పండుగ రాజ్యోత్సవం జరుపుతాయి కదా, ఆ నెలాఖరులో పెట్టుకోండి. ఎండలున్న ఏప్రిల్, మేలో గుడ్డలన్నీ ఉతికి ఆరబెట్టండి. జూన్ నుంచి వానల్లో కూర్చుని కుట్టండి. మొదట అందరూ కలిసి ఒకే ఒక్క చిన్న ఆట బొంత కుట్టి, దాన్ని ఉతికి చూడండి, ఎవరి చెయ్యి ఎలాంటిదో అప్పుడే బయటపడుతుంది. కన్నడ పొరుగువాళ్లను కూడా పిలవండి. ధారవాడ వైపు నుంచి వచ్చిన పెద్దావిడలకు కౌది (పాత బట్టలతో కుట్టే అక్కడి బొంత) కుట్టిన చేతులుంటాయి, నాకు తెలిసినదానిలో సగం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

ప్రదర్శనకు ముందే అన్నిటినీ ఒకసారి ఉతకండి. ఉతికిన బొంత కాస్త ముడతలు పడి నిండుగా కనిపిస్తుంది, కొత్తదానికన్నా అందంగా ఉంటుంది. ఏ ముక్క రంగు దిగుతుందో మీ ఇంట్లోనే తెలిసిపోతుంది కూడా. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు అరిగిపోయిన పని బట్టలతో చలికి కప్పుకోవడానికి కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంలకు ఎక్కాయి. గోడ కోసమని వాళ్లు వాటిని కుట్టలేదు. వాడకానికి గట్టిగా కుట్టినదే గోడ మీద కూడా నిలుస్తుందని నా ధైర్యం. ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కుట్టి 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పరిచిన బొంత ఇంకో రకం, అది చూపించడానికే పుట్టింది. అందులో 1,920 పలకలున్నా ఇబ్బంది లేకుండా పరచగలిగారంటే, ప్రతి పలకా మూడడుగుల వెడల్పు ఆరడుగుల పొడవు కావడం వల్ల. మీరు కూడా పెద్దవాళ్లవన్నీ ఒకే కొలతలో కుడితే హాల్లో సర్దడం ఒక గంట పని.

వేలాడదీయడానికి మేకులు, క్లిప్పులు వద్దు. బొంత వెనక పై అంచున నాలుగు అంగుళాల వెడల్పు గుడ్డ గొట్టం కచ్చా కుట్టుతో తాత్కాలికంగా కుట్టి, అందులోంచి కర్టెన్ రాడ్డు పోనివ్వండి. ప్రదర్శన అయ్యాక లాగితే వచ్చేస్తుంది. ఎండ నేరుగా పడే కిటికీ ఎదురుగా పెట్టకండి. ముట్టుకోవద్దని బోర్డు పెట్టినా ముట్టుకుంటారు, అందుకని ఒక ముక్కను ముట్టుకోవడానికే బల్ల మీద పడేయండి. మీ పట్టు బొంతను మాత్రం ఎత్తులో కట్టండి. అది తర్వాత దాచాల్సి వస్తే మడవకుండా ఒక గొట్టం మీద చుట్టి, ఉతికిన పాత పంచెలో చుట్టబెట్టండి.

పేర్ల గొడవ ఒకటి తప్పక వస్తుంది. గుడిలో ట్యూబులైటు మీద దాత పేరు వెలుతురును మింగేసినట్టు, బొంత మీద అపార్ట్‌మెంట్ పేరు, లోగో, కమిటీ పేర్లు కుట్టేవాళ్లను చూశాను. కప్పుకునే మనిషి రోజూ రాత్రి మీ కమిటీ కింద పడుకోవాలా? పేర్లన్నీ హాల్లో ఒక అట్ట మీద రాసి పెట్టండి. బొంతకు వెనక మూలన చిన్న గుడ్డ ముక్క మీద ఉతికే పద్ధతి, కుట్టిన సంవత్సరం చాలు. ఇచ్చేటప్పుడు పిల్లలనూ పెద్దవాళ్లనూ వరుసగా నిలబెట్టి ఫోటోలు తీయడం కూడా మానేయండి. ఫోటోలు హాల్లోనే తీసుకోండి.

అప్పగించేటప్పుడు ఒక సంచిలో మిగిలిన గుడ్డ ముక్కలు, అదే దారం రీలు, రెండు సూదులు కూడా ఇవ్వండి, చిరిగితే వాళ్లే అతుకు వేసుకుంటారు. ఇంకొకటి, మీరు ఫోను చేసినప్పుడు చక్రాల కుర్చీలో ఉండేవాళ్లు ఎంతమందో కూడా అడగండి. వాళ్లకు 60×90 పనికిరాదు, అంచులు చక్రాల్లో చిక్కుకుంటాయి. 36×45 కొలతలో ఒడి బొంత కుట్టాలి. ఆ సంఖ్య, మంచాల వెడల్పు తెలిశాక ఇక్కడే రాయండి, గుడ్డ లెక్క మళ్లీ వేసి పెడతాను.